ఒకే కేబుల్ వైరు మీద నెట్టూ టీవీ: స్ప్లిటర్ ఉన్నంతసేపూ నెట్ తెగిపోతోంది, ఏం చేయాలి?

కూకట్‌పల్లి కుర్రాడు · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఇదే గోల, ఇక మీ ముందు పెడుతున్నా.

మాది మూడో అంతస్తులో ఫ్లాటు. కేబుల్ వైరు డాబా మీద నుంచి దిగి, బాత్రూమ్ వెంటిలేటర్ పక్కగా సజ్జ మీదికి వస్తుంది. అక్కడ ఊరగాయ జాడీల వెనకాల మూడు దార్ల స్ప్లిటర్ ఉంది. ఒక వైరు హాల్లో అమ్మ టీవీకి, ఒకటి బెడ్‌రూమ్‌లో నాన్న టీవీకి, ఇంకొకటి నా గదిలో మోడెమ్‌కి. ఫైబర్ కాదు. టీవీ వచ్చే నల్ల వైరులోనే నెట్టూ వస్తుంది, పాత పద్ధతి.

పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక మొదలవుతుంది. మోడెమ్ మీద దీపం మిణుకుమిణుకుమంటూ రెండు మూడు నిమిషాలు నెట్ పోతుంది, మళ్లీ వస్తుంది. ఆఫీసు మీటింగ్‌లో నోరు తెరిచి ఉండగానే నా బొమ్మ ఆగిపోతుంది. టీవీలు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను. 'మా వైపు అంతా బాగానే ఉంది సార్, మీ ఇంట్లో వైరింగ్ చూసుకోండి' అంటున్నారు.

అసలు ఒకే వైరుని నెట్‌కీ టీవీకీ పంచడమే తప్పా? వేరే వైరు లాగించుకోవాలా?


ఫైబర్ భక్తుడు · శనివారం రాత్రి 9:20

పీకి అవతల పారేసి ఫైబర్ పెట్టించుకో బ్రో. ఈ రోజుల్లో కూడా నల్ల వైరేంటి?


కూకట్‌పల్లి కుర్రాడు · శనివారం రాత్రి 9:31

పెట్టించుకునేవాణ్ణే బ్రో. ఫైబర్ వాళ్లు పక్క వీధి దాకా వచ్చి ఆగిపోయారు. పైగా మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు రంగులు వేయించి ఆరు నెలలే అయింది, గోడకి కొత్త చిల్లు అంటే కొట్టేలా ఉన్నారు.


తెనాలి కేబులాయన · శనివారం రాత్రి 10:05

తమ్ముడూ, పంచడం తప్పేమీ కాదు. కేబుల్ నెట్ పుట్టిందే టీవీ వైరు మీద బతకడానికి. పంచే తీరులోనే ఏదో తేడా ఉంది. చూడకుండా చెబితే సోది చెప్పినట్టే అవుతుంది గానీ, ముందు ఒక పని చెయ్యి.

మోడెమ్‌కి కట్టిన కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.100.1 అని కొట్టు. కేబుల్ మోడెమ్‌లలో ఎక్కువ వాటికి సిగ్నల్ పేజీ అక్కడే ఉంటుంది. అందులో డౌన్‌స్ట్రీమ్ పవర్ (నీ దగ్గరికి వచ్చే సిగ్నల్ బలం), ఎస్ఎన్ఆర్ (రొద కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో), అప్‌స్ట్రీమ్ పవర్ (మోడెమ్ వెనక్కి పంపే బలం) అని మూడు అంకెలు కనబడతాయి. నెట్ తెగే వేళకే చూసి ఆ అంకెలు ఇక్కడ పెట్టు. స్ప్లిటర్ ఫొటో తీసినా సరే, దాని మీద రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ రాసినా సరే.


రిటైర్డ్ మాస్టారు · ఆదివారం ఉదయం 6:40

నాయనా, 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు మా ఇంట్లోనూ స్ప్లిటర్ ఇచ్చారు. తెల్లటి చిన్న డబ్బా. ఒక వైపు ఫోను, ఒక వైపు మోడెమ్. అది తీసేసి నేరుగా పెడితే ఫోన్‌లో గరగర వచ్చేది. నువ్వు కూడా కంపెనీ వాళ్లిచ్చిన స్ప్లిటరే వాడుతున్నావా?


తెనాలి కేబులాయన · ఆదివారం ఉదయం 7:15

మాస్టారూ, నమస్కారం. పేరు ఒకటే గానీ అదీ ఇదీ వేర్వేరు సరుకులండీ. మీ తెల్ల డబ్బా నిజానికి జల్లెడ. మాట నడిచే తక్కువ ఫ్రీక్వెన్సీని ఫోనుకీ, పైదంతా మోడెమ్‌కీ వేరుచేసి పంపేది. ఎవరి వాటా వాళ్లకే, నష్టం దాదాపు ఉండదు.

కేబుల్ స్ప్లిటర్ అలా ఏరదు. వచ్చిన మొత్తాన్నీ అన్ని దార్లకీ పోస్తుంది. టీవీ చానెళ్లు మోడెమ్ దగ్గరికీ వెళతాయి, నెట్ సిగ్నల్ టీవీ దగ్గరికీ వెళుతుంది. ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుంటారు. అందుకే ప్రతి దారిలోనూ బలం తగ్గుతుంది. రెండుగా చీలిస్తే సగం సగం, సిగ్నల్ బలం కొలిచే లెక్కలో 3 డెసిబెల్స్ (డీబీ) పోయినట్టు. పెట్టె లోపలి నష్టం ఇంకో అర కలిపి 3.5 అని రాస్తారు.


కూకట్‌పల్లి కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 2:48

అన్నా, ఇప్పుడే తెగింది, అంకెలు పట్టాను.

డౌన్‌స్ట్రీమ్ పవర్: -11 డీబీఎంవీ
ఎస్ఎన్ఆర్: 31 డీబీ
అప్‌స్ట్రీమ్ పవర్: 53 డీబీఎంవీ

స్ప్లిటర్ మీద 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఒక వైపు ఇన్. ఇంకో వైపు మూడు ఔట్‌లు: ఒకదాని పక్కన 3.5 డీబీ, మిగతా రెండింటి పక్కన 7 డీబీ అని చెక్కి ఉంది. మోడెమ్ వైరు 7 దానికి ఉంది. మూడూ ఒకటే అనుకుని ఎవరు ఏది తగిలించారో తెలీదు. నేను పుట్టకముందు నుంచీ ఉన్నట్టుంది ఈ స్ప్లిటర్, ఆవకాయ నూనె కూడా అంటుకుని ఉంది.


ఎడిసన్ మామ · ఆదివారం మధ్యాహ్నం 3:30

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ తెల్లవారుజాము, నిద్రపట్టక చూస్తున్నా.

నీ అంకెల్లో అన్నిటికన్నా భయపెట్టేది 53. చాలామంది డౌన్‌స్ట్రీమ్ ఒక్కటే చూసి ఆగిపోతారు. అప్‌స్ట్రీమ్ పవర్ అంటే నీ మోడెమ్ వెనక్కి మాట్లాడటానికి ఎంత గట్టిగా అరుస్తోందన్నది. దారిలో నష్టం ఎక్కువైతే అవతలి వాడు 'వినబడట్లేదు, గొంతు పెంచు' అంటాడు, ఇది పెంచుతూ పోతుంది. 50 దాటితే చివరంచుకి వచ్చినట్టే. మోడెమ్‌ని బట్టి 51, 54 ఆ ప్రాంతంలో గొంతు హద్దు అయిపోతుంది. ఎండకి వైరు వేడెక్కి నష్టం ఇంకో పిసరు పెరిగితే అంతే సంగతులు, దానికి పెంచడానికి ఏమీ మిగలదు, లైన్ వదిలేస్తుంది. మధ్యాహ్నమే ఎందుకు తెగుతోందో అర్థమైందా?

డౌన్‌స్ట్రీమ్ -15 నుంచి +15 దాకా కొలతల ప్రకారం చెల్లుతుంది గానీ, -7కీ +7కీ మధ్య ఉంటే నిశ్చింత. ఎస్ఎన్ఆర్ 33 పైన ఉండాలి.


తెనాలి కేబులాయన · ఆదివారం సాయంత్రం 5:10

ఎడిసన్ వారు సరిగ్గా చెప్పారు. మా లైన్లో మీటర్లు డీబీ మైక్రోవోల్టులో చూపిస్తాయి. కేబుల్ అబ్బాయి వచ్చి '56 ఉంది సార్, సూపర్' అంటే కంగారుపడకు, అందులోంచి 60 తీసేస్తే నీ మోడెమ్ లెక్క, అంటే డీబీ మిల్లీవోల్టు (డీబీఎంవీ). 56 అంటే -4 అన్నమాట. ఈ రెండు లెక్కల మధ్య కస్టమరూ కుర్రాడూ పోట్లాడుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు పరీక్ష. సజ్జ ఎక్కి, డాబా నుంచి వచ్చే వైరునీ మోడెమ్‌కి పోయే వైరునీ స్ప్లిటర్ నుంచి విప్పి, రెండింటినీ ఒక జాయింటర్‌తో నేరుగా కలుపు. టీవీలు ఆ కాసేపు ఆగుతాయి, ఇంట్లో ముందే చెప్పు. మోడెమ్ మళ్లీ లేచాక అంకెలు చూడు. దాంతో తప్పు స్ప్లిటర్ దగ్గరో కాదో తేలిపోతుంది. నేరుగా కలిపినా 53 అలాగే ఉంటే తప్పు పై నుంచి వచ్చే లైన్‌లోనో, మోడెమ్‌కి పోయే వైరులోనో ఉన్నట్టు, కంపెనీ వాళ్లని మొహమాటం లేకుండా పిలిపించు.


కూకట్‌పల్లి కుర్రాడు · ఆదివారం రాత్రి 8:55

సీరియల్ మధ్యలో కట్టేశానని తిట్లు తిన్నాను గానీ పని అయింది.

నేరుగా కలిపితే: డౌన్‌స్ట్రీమ్ -4, ఎస్ఎన్ఆర్ 36, అప్‌స్ట్రీమ్ 46.

అంటే లైన్ మంచిదే. స్ప్లిటరే పోయిందా?


తెనాలి కేబులాయన · ఆదివారం రాత్రి 9:20

పోలేదు. లెక్క చూడు: -4 నుంచి -11కి 7 తేడా. 46 నుంచి 53కీ 7 తేడానే. దాని మీద 7 అని రాసి ఉంది, సరిగ్గా 7 తింటోంది. చెప్పిన మాట తప్పని స్ప్లిటర్, దాన్ని తిట్టకు. మిగతాది రేపు రాస్తా, ఇప్పుడు ఆంప్లిఫయర్ దగ్గర కరెంటు పోయిందని ఫోన్లు వస్తున్నాయి.


హన్మకొండ తమ్మి · ఆదివారం రాత్రి 10:02

అన్నా గింత లెక్కలెందుకు. మా ఇంట్ల గిట్లనే టీవీ సరిగ రాకపోతుండె. ఎలక్ట్రిక్ షాపుల బూస్టర్ తెచ్చి పెట్టిన, అయిపాయె. సిగ్నల్ తక్కువుందంటే పెంచుడే గదా. ఐదారు వందలల్ల వస్తది.


కూకట్‌పల్లి కుర్రాడు · సోమవారం రాత్రి 9:40

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆఫీసు నుంచి వస్తూ 650 పెట్టి బూస్టర్ కొన్నాను. 'దీంతో నాలుగు టీవీలు నడుస్తాయి సార్' అన్నాడు షాపాయన. స్ప్లిటర్ ముందు పెట్టాను. టీవీ అద్దంలా వస్తోంది, నాన్న మెచ్చుకున్నారు కూడా. నెట్ మాత్రం పూర్తిగా చచ్చింది. ఇదివరకు తెగి అతుక్కునేది, ఇప్పుడు అసలు లేవట్లేదు. మోడెమ్ దీపం గంట నుంచీ అలా కొట్టుకుంటూనే ఉంది. ఇది ఫోన్ డేటా మీద రాస్తున్నా.


తెనాలి కేబులాయన · సోమవారం రాత్రి 10:15

అయ్యో తమ్ముడూ, ఒక్క రోజు ఆగలేకపోయావా. ముందు దాన్ని తీసి పక్కన పెట్టు, నెట్ దానంతట అదే వస్తుంది. తర్వాత బూస్టర్ మీద ఏం రాసుందో చూడు. 47-862 అని ఉంటుంది, పందెం.


కూకట్‌పల్లి కుర్రాడు · సోమవారం రాత్రి 10:22

47-862 మెగాహెర్ట్జ్! కరెక్టుగా అదే. ఎలా చెప్పారన్నా? తీసేశాను, నెట్ లేచింది.


తెనాలి కేబులాయన · సోమవారం రాత్రి 10:58

ముప్పై ఏళ్లుగా సజ్జలూ డాబాలూ ఎక్కుతున్నా నాయనా.

విషయం ఇది. టీవీది ఒంటి దారి. పై నుంచి కిందికి వస్తుంది, అంతే. టీవీ తిరిగి మాట్లాడదు. నెట్ అలా కాదు, నువ్వు క్లిక్ చేసిన ప్రతిదీ వెనక్కి వెళ్లాలి. ఆ వెనక్కి వెళ్లే మాటకి వైరులో అడుగున కాస్త చోటు వదిలారు: 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ దాకా, యూరప్ పద్ధతి వాడినచోట 65 దాకా. కిందికి వచ్చేదంతా దానిపైన నడుస్తుంది. నువ్వు కొన్న బూస్టర్ టీవీల కోసం చేసింది. 47 నుంచి 862 దాకా వచ్చేదాన్ని పెంచుతుంది, వెనక్కి పోయేదానికి తలుపు మూసేస్తుంది. మోడెమ్ ఎంత అరిచినా గోడకి చెప్పినట్టే. వెనక్కి దారి వదిలే ఆంప్లిఫయర్లు ఉన్నాయి, వాటిని రిటర్న్ పాత్ ఉన్నవి అంటారు. వీధి బూస్టర్లలో అది ఉండదు.

హన్మకొండ తమ్ముడిదీ తప్పు కాదు. ఆయన ఇంట్లో ఆ వైరు మీద టీవీ ఒక్కటే ఉండి ఉంటుంది.

ఇంకో మాట. ఉన్న సిగ్నల్ నీకు చాలు. ఎక్కువ తక్కువగా పంచారు, అంతే. నీ మూడు దార్ల పెట్టె లోపల నిజానికి రెండు చిన్న రెండు దార్ల స్ప్లిటర్లు ఉంటాయి. మొదటిది చీల్చిన ఒక సగం నేరుగా బయటికి వస్తుంది, అదే 3.5. రెండో సగాన్ని మళ్లీ చీలుస్తారు, అవి రెండు 7లు. మీ ఇంట్లో ఎవరో తెలియక మంచి దారిని టీవీకిచ్చి మోడెమ్‌ని చివరి పంక్తిలో కూర్చోబెట్టారు. కొత్తది కొననక్కర్లేదు. 3.5కి ఉన్న వైరు విప్పి అక్కడ మోడెమ్ వైరు పెట్టు, దాన్ని 7కి పెట్టు. అంతే.

బజార్లో మూడింటికీ సమానంగా 5.5 చొప్పున పంచే పెట్టెలు కూడా దొరుకుతాయి. నీకు అది వద్దు. ఇంట్లో మోడెమ్ ఉన్నప్పుడు సమానత్వం పనికిరాదు.


హన్మకొండ తమ్మి · సోమవారం రాత్రి 11:05

అవునన్న, మాకు నెట్ వేరే వైరుల వస్తది. తప్పు చెప్పిన, ఏమనుకోకు తమ్ముడు.


కూకట్‌పల్లి కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 3:02

దార్లు మార్చాను. ఇప్పుడు సరిగ్గా ఎండ వేళ: డౌన్‌స్ట్రీమ్ -7.5, ఎస్ఎన్ఆర్ 34, అప్‌స్ట్రీమ్ 49.5. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా తెగలేదు!

కానీ కొత్త పంచాయితీ. హాల్లో అమ్మ టీవీకి 7 దారి వచ్చింది కదా, కొన్ని చానెళ్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతోంది. ముఖ్యంగా రెండు మూడు హెచ్‌డీ చానెళ్లు. నాన్న టీవీ మొదటి నుంచీ 7లోనే ఉంది, అది బాగానే వస్తోంది. నా నెట్ కోసం తన టీవీ పాడుచేశానని అమ్మ మాట్లాడట్లేదు.


ఎడిసన్ మామ · మంగళవారం సాయంత్రం 4:45

నాన్నగారి టీవీ 7లో బాగానే వస్తోందంటే 7 దారి తప్పు కాదు. హాల్ వైరులోనే ఏదో ఉంది, ఇన్నాళ్లూ 3.5 దారి ఇచ్చిన బలం దాన్ని కప్పిపెట్టింది. వైరు మీద ఏం రాసుందో చదువు. ఆర్‌జీ-59 అయితే సన్నది, పాతది. ఆర్‌జీ-6 అయితే లోపలి రాగి తీగ లావుగా ఉంటుంది. 750 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకి ఆర్‌జీ-6 సుమారు 18 డెసిబెల్స్ తింటే, ఆర్‌జీ-59 సుమారు 23 తింటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, అందుకే పై అంచున ఉన్న చానెళ్లు ముందు విరుగుతాయి. ఫ్లాట్‌లో పది పన్నెండు మీటర్లే కాబట్టి వైరు రకం కన్నా పిన్నుల (వైరు కొసకి బిగించే కనెక్టర్ల) మీదే నాకు అనుమానం.

సందర్భం వచ్చింది కాబట్టి నా గోల కూడా. ఇక్కడ ఇళ్లలో ప్రతి గదిలో గోడకి కేబుల్ సాకెట్ ఉంటుంది, అన్నీ బేస్‌మెంట్‌లో ఒక పెద్ద స్ప్లిటర్‌కి చేరతాయి. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు ఎనిమిది దార్లది ఉంది. ఒక్కో దారిలో 11 దాకా నష్టం. వాడేది రెండు గదుల్లో, మిగతా ఆరు వైరులూ ఎక్కడికో పోయి గాలిలో వేలాడుతున్నాయి. అన్నీ పీకి రెండు దార్లది పెట్టాను, నెట్ కుదురుకుంది. పై గదికి వైఫై అందకపోతే అదే కేబుల్ వైరు మీద మోకా అడాప్టర్లు (కేబుల్ వైరు మీదే ఒక గది నుంచి ఇంకో గదికి నెట్ పంపే డబ్బాలు) పెట్టుకున్నాను. అవి 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, టీవీ కంటే పైన. దానికి రెండు జాగ్రత్తలు: అంత పైకి పనిచేసే స్ప్లిటర్ ఉండాలి, వైరు ఇంట్లోకి వచ్చేచోట ఫిల్టర్ పెట్టాలి. లేకపోతే మన ఇంటి సంగతులు వీధిలోకి పోతాయి.


తెనాలి కేబులాయన · మంగళవారం రాత్రి 8:30

వేలాడే వైర్ల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి.

మేం కేబుల్ మోడెమ్‌లు నడిపే రోజుల్లో ఒక వీధికి రోజూ పొద్దున ఏడింటికి నెట్ పోయేది. ఇరవై నిమిషాలు. మళ్లీ వచ్చేది. ఆదివారం ఎనిమిదిన్నరకి పోయేది. వారం రోజులు స్తంభాలెక్కి ఒక్కో ఇంటి లైనూ విప్పుకుంటూ వచ్చాం. చివరికి ఒక ఇంటి వైరు విప్పగానే వీధంతా శుభ్రమైంది. లోపలికెళ్లి చూస్తే వంటింటి గట్టు వెనక తెగిన కేబుల్ వైరు, లోపలి తీగ బయటికి పొడుచుకుని ఉంది, దానికి జానెడు దూరంలో మిక్సీ. ఆ ఇల్లాలు చట్నీ తిప్పినప్పుడల్లా మిక్సీ మోటారు రొదంతా ఆ తీగ పట్టుకుని వెనక్కి దారిలోకి పోస్తోంది. కిందికి వచ్చేది ఇంటింటికీ విడిపోతుంది గానీ, వెనక్కి వెళ్లేదంతా గరాటులో పోసినట్టు ఒకేచోటికి చేరుతుంది. ఒక ఇంటి చెత్త వీధి మొత్తానికీ తగులుతుంది. ఆదివారం వాళ్లు ఆలస్యంగా టిఫిన్ తింటారు, అదీ సంగతి.

అందుకే స్ప్లిటర్‌లో దారి ఖాళీగా ఉంటే దానికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి. వేలెడంత మూత, చవకే. వైరు ఒక చివర వేలాడుతుంటే స్ప్లిటర్ దగ్గర విప్పెయ్యాలి.

తమ్ముడూ, హాల్ వైరు రెండు చివర్లా పిన్ను విప్పి లోపలి రాగి రంగు చూడు. పిన్ను ఏ రకమో చూడు, చేత్తో తిప్పి బిగించేదా, నొక్కి బిగించేదా.


భీమవరం సుబ్బు · మంగళవారం రాత్రి 9:11

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మాది ఫైబరేనండి. ఒక్క సన్న వైరొచ్చి డబ్బాలోకెళ్తాది. డబ్బా వెనకాల నెట్‌కి నాలుగు బెజ్జాలు, టీవీకొకటి గుండ్రంది. నిన్న లైన్‌మ్యానొచ్చి ఏదో మార్చెళ్లాడండి, అప్పట్నించీ నెట్ బ్రహ్మాండంగా ఉంది, టీవీయే చుక్కలు చుక్కలు. ఆ ఫైబర్నే కోసి టీవీకి వేరుగా ఇవ్వచ్చాండి?


తెనాలి కేబులాయన · మంగళవారం రాత్రి 9:35

సుబ్బు గారూ, కత్తెర దూరంగా పెట్టండి!

మీ దాంట్లో ఒకే గాజు పోగులో మూడు రంగుల వెలుగు నడుస్తోంది. నెట్ కిందికి 1490 నానోమీటర్లు, నెట్ పైకి 1310, టీవీ 1550. డబ్బాలోనే అవి విడిపోతాయి, టీవీ వెలుగుని మళ్లీ మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చి ఆ గుండ్రటి దాంట్లోంచి బయటికి ఇస్తుంది. అంటే పంచే పని డబ్బా ముందే చేసి పెట్టింది. ఆ గుండ్రటి దాని తర్వాత మీరు మామూలు స్ప్లిటర్ పెట్టి రెండు టీవీలు నడుపుకోవచ్చు, అక్కడ మోడెమ్ బాధ లేదు.

నెట్‌కి చిటికెడు వెలుగు చాలు. టీవీకి దానికంటే చాలా ఎక్కువ కావాలి. అందుకే కొస మీద దుమ్ము పడ్డా, వైరు మెలి తిరిగినా ముందు టీవీ పోతుంది. డబ్బాలో దూరే కొస ఏ రంగులో ఉంది? డబ్బా మీద బెజ్జం ఏ రంగు?


భీమవరం సుబ్బు · మంగళవారం రాత్రి 9:48

కొస నీలం. బెజ్జం ఆకుపచ్చండి.


తెనాలి కేబులాయన · మంగళవారం రాత్రి 9:52

దొరికింది. ఆకుపచ్చ దాని కొస ఏటవాలుగా, 8 డిగ్రీలు కోసి ఉంటుంది. నీలం దాని కొస ఏటవాలు లేకుండా ఉంటుంది. రెండూ కలిస్తే మధ్యలో గాలి సందు మిగులుతుంది, వెలుగు తిరిగి వెనక్కి కొడుతుంది. నెట్ ఓర్చుకుంటుంది, టీవీ ఓర్చుకోదు. లైన్‌మ్యాన్‌ని పిలిచి ఆకుపచ్చ ప్యాచ్ వైరు అడగండి. ఆ కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడకండి, ఆ వెలుగు కంటికి కనబడదు గానీ హాని చేస్తుంది.


డిష్ డాబా · మంగళవారం రాత్రి 10:10

మరి మా డీటీహెచ్ వైరుకి ఇదే స్ప్లిటర్ పెట్టి రెండో గదికి ఇచ్చుకోవచ్చా? పెడితే ఒక బాక్సు మీద చానెల్ మారిస్తే రెండోది పోతోంది.


ఎడిసన్ మామ · మంగళవారం రాత్రి 10:34

ఇచ్చుకోకూడదు. డిష్ నుంచి దిగేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్, కేబుల్ స్ప్లిటర్ వెయ్యి దగ్గర ఆగిపోతుంది. దానికి మించిన చిక్కు ఇంకోటి. నీ బాక్సు అదే వైరు మీద పైనున్న ఎల్ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ పట్టే పరికరానికి) కరెంటు పంపుతుంది: 13 వోల్టులు పంపితే ఒక రకం చానెళ్లు, 18 పంపితే ఇంకో రకం. రెండు బాక్సులు చెరొకటి అడిగితే ఎల్ఎన్‌బీ ఎవరి మాట వినాలి? రెండు ఔట్‌లున్న ఎల్ఎన్‌బీ పెట్టించి రెండు వైర్లు దింపుకో.


నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 10:50

స్ప్లిటర్ చర్చే మూడు దార్లుగా చీలిపోయింది, ప్రతి దారిలోనూ బలం తగ్గుతోంది. ఫైబర్, డీటీహెచ్ ప్రశ్నలు ఇకపై వేరే చర్చ తెరిచి అడగండి.


కూకట్‌పల్లి కుర్రాడు · గురువారం రాత్రి 9:25

రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించాలి.

తెనాలి అన్న చెప్పినట్టు పిన్నులు విప్పాను. హాల్ వైరుకి టీవీ వైపు బాగానే ఉంది. సజ్జ మీదది చేత్తో తిప్పి బిగించే రకం. వేలితో తాకితే గిరగిరా తిరిగింది. లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. లోపలి రాగి రాగిలా లేదు, గుళ్లో పాత చెంబులా ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. వెంటిలేటర్ నుంచి వచ్చే ఆవిరి అనుకుంటా, ఆ వైరు సరిగ్గా దాని పక్కనే వంగి ఉంది. పైన ఉండే జల్లి తీగలు ఒకటి రెండు లోపలి తీగని ముట్టుకుంటున్నాయి కూడా.

మా వీధి కేబుల్ అబ్బాయిని బతిమాలితే సాయంత్రం వచ్చాడు. అంగుళం కోసి, కొత్త రాగి తేలేదాకా గీకి, నొక్కి బిగించే పిన్ను వేశాడు. డాబా నుంచి వచ్చే వైరుకి కూడా అదే వేయించాను, అదీ సగం చిలుమే. మీటర్ పెట్టి '55' అన్నాడు. నేను వెంటనే 'అంటే -5' అన్నాను. అతను నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. మోడెమ్ పేజీ తెరిస్తే -5, ఎస్ఎన్ఆర్ 35, అప్‌స్ట్రీమ్ 47.

హాల్లో హెచ్‌డీ చానెళ్లు విరగడం ఆగింది. అమ్మ మాట్లాడుతోంది. ఆ స్ప్లిటర్‌ని సజ్జ మీద ఆ మూల నుంచి తీసి ఇవతలి గోడకి మేకు కొట్టి తగిలించాను, ఊరగాయ జాడీలకి దూరంగా. మూడు వైర్లకీ కాగితం అంటించి 'నెట్, ముట్టుకోవద్దు', 'హాల్', 'నాన్న' అని రాశాను.


ఎడిసన్ మామ · గురువారం రాత్రి 9:50

శుభం. ఆ పేజీ నెలకోసారి చూసుకో. అప్‌స్ట్రీమ్ మళ్లీ 50కి ఎక్కుతోందంటే ఏదో పిన్ను వదులవుతోందని అర్థం, తెగేదాకా ఆగకు.


భీమవరం సుబ్బు · గురువారం రాత్రి 9:58

ఆకుపచ్చ వైరు మార్చాడండి. టీవీ తళతళలాడతాంది. చర్చ వేరే తెరవాలన్నారు గానీ, మంచి కబురే కదాని ఇక్కడే చెప్పేత్తున్నాను.


కూకట్‌పల్లి కుర్రాడు · గురువారం రాత్రి 10:04

ఒక్కటే మిగిలింది. 47-862 బూస్టర్, ఒక్క సాయంత్రం వాడింది, బిల్లు ఉంది, షాపాయన వెనక్కి తీసుకోనన్నాడు. మోడెమ్ లేని ఇల్లు ఎవరిదైనా ఉంటే 400కి ఇచ్చేస్తా.


హన్మకొండ తమ్మి · గురువారం రాత్రి 10:06

తమ్ముడు, నాది ఖరాబయింది నిన్ననే. 300కి ఇస్తవా?


నిర్వాహకుడు · గురువారం రాత్రి 10:11

అమ్మకాలు అమ్మకాల విభాగంలో.